ఐదో మనిషి

మొన్న నార్కట్‌పల్లి అడ్డా దగ్గర బస్సు కోసం సిమెంటు అరుగు మీద కూర్చున్నాను. నాతో కలిపి నలుగురం. ఇంతలో ఒకాయన సంచి పట్టుకొని వచ్చి మా పక్కన కూర్చున్నాడు. నేను లేచి నిలబడ్డాను.

"కూసోరాదే పెద్దమనిషీ, శాన జాగున్నది," అన్నాడాయన.

జాగా ఉన్న సంగతి నాకు తెలుసు. ఆ అరుగు తొమ్మిది అడుగులు. మనిషికి అడుగున్నర లెక్కన ఆరుగురు పడతారు. నడుము పట్టిందని అబద్ధం చెప్పి, బస్సు వచ్చేదాకా నలభై నిమిషాలు నిలబడే ఉన్నాను.

నాకు ఈ అలవాటు అంటించిన మనిషి పోయి ఈ వానాకాలానికి మూడేళ్లు. ఆయన గొర్ల కాపరి. చదువు లేదు, వేలిముద్ర ఉంది. ఫౌజ్‌దారీ కోర్టు సంగతులు ఆయనకు తెలిసినంతగా మా తాలూకాలో ఇంకెవరికీ తెలియవని నా అంచనా. కొందరు వకీళ్లను కలుపుకొనే ఈ మాట చెబుతున్నాను.

పోలీసు యాక్షన్ అయిన మొదటి చలికాలంలో మా ఇద్దరినీ ఒకే రోజు మేజిస్ట్రేటు ముందు నిలబెట్టారు. నేను మట్టి కొలిచేవాణ్ణి. కుంటలకు, చెరువులకు కట్ట పోసేటప్పుడు కూలీలు తవ్విన గుంటల పొడవు, వెడల్పు, లోతు కొలిచి రాయడం నా పని. లెక్కలు ఎవరూ నేర్పలేదు, చూసి పట్టుకున్నాను. ఆ రోజుల్లో సంఘపోళ్ల కోసం, అంటే దొరల మీద తిరగబడ్డ కమ్యూనిస్టుల కోసం, మిలిటరీ ఊరూరా వెతుకుతున్నది. ఒక క్యాంపులో నా జేబు తడిమితే చిన్న పుస్తకం దొరికింది. అందులో పేజీ నిండా 9, 12, 3. 8, 10, 4 అని ఉంది.

"వీటిలో మనుషులెన్ని, తుపాకులెన్ని?" అని అడిగాడు అక్కడి అధికారి.

"మూడోది లోతు సార్," అన్నాను.

"దేని లోతు?"

"గుంటది."

"గుంటలో ఏం పూడ్చారు?"

ఏమీ పూడ్చలేదని, మట్టి తీశామని చెప్పాను. తీసిన మట్టి ఎక్కడుందని అడిగాడు. కట్ట మీద ఉందని చెప్పాను. వెళ్లి చూశారు. ఉంది. అయినా అన్ని అంకెలున్న మనిషిని ఊరికే వదలడం బాగుండదనుకున్నారేమో, తాలూకా కోర్టుకు పంపారు.

గొర్ల కాపరి సంగతి అంత చిక్కుది కాదు. ఆయన సంఘపోళ్లకు ఇంత జొన్న గట్క వండి పెట్టాడు. ఒప్పుకున్నాడు కూడా. మేజిస్ట్రేటు కోస్తా నుంచి కొత్తగా వచ్చినాయన. ఓపికగానే అడిగాడు.

"ఎంతమందికి పెట్టావు?"

"లెక్కవెట్టలె దొరా."

"కళ్లతో చూశావు కదా?"

"చూసిన."

"చూస్తే ఎంతమందో తెలియదా?"

"ఆకలి మీదున్నరని తెల్సింది దొరా."

నాకు ఆరు నెలలు, ఆయనకు ఏడాది ముచ్చిలిక పడింది. ముచ్చిలిక అంటే శిక్షా కాదు, విడుదలా కాదు. మంచి నడవడితో ఉంటానని రాసిన కాగితం మీద వేలిముద్రో సంతకమో పెట్టాలి. ఇద్దరు మనుషులు జమానత్ నిలవాలి. గడువు తీరేదాకా తాలూకా దాటకూడదు. ప్రతి సోమవారం ఠాణాలో హాజిరి ఇవ్వాలి. హాజిరి తప్పితే, ముచ్చిలిక ఎన్నాళ్లదో అన్నాళ్ల జైలు పడవచ్చు.

కోర్టు మెట్లు దిగుతూ ఆయన నాతో మొదటి మాట మాట్లాడాడు.

"ఏడాదంటే ఎంత పటేలా?"

మాది కాపు కుటుంబం కనుక అలా పిలిచాడు. మాకున్నది రెండెకరాలు. "పన్నెండు నెలలు కాకా," అన్నాను.

ఆ జవాబు చెప్పడానికి నాకు ఒక్క క్షణం కూడా పట్టలేదు. పనిలో నేను అట్లా చెప్పేవాణ్ణి కాను. ఇన్ని మూరలు అని ఎవరన్నా అంటే, ఎవరి మూర అని అడిగిన తర్వాతే టేపు తీసేవాణ్ణి.

ఆయన ఊరు మా ఊరికి అవతల మూడు మైళ్లు. సోమవారం పొద్దున్నే వచ్చి మా ఊరి కల్లాల దగ్గర నిలబడేవాడు. అక్కడి నుంచి ఠాణాకు ఎనిమిది మైళ్లు కలిసి నడిచేవాళ్లం. ఠాణా గడప ముందు ఆయన కట్టె కింద పెట్టి, గొంగడి తీసి నాలుగు మడతలు వేసి దాని మీద పెట్టేవాడు. లోపల రాతకోతలు చూసే ముహర్రిర్ ఆయన బొటనవేలు పట్టి సిరా అద్ది ముద్ర వేయించేవాడు. ఆ సిరాను ఆయన గుడ్డకు తుడుచుకొనేవాడు కాదు. తలకు రాసుకొనేవాడు. నెల తిరిగేసరికి తెల్లటి జుట్టులో కుడి చెవి పైన రూపాయి బిళ్లంత నల్లటి మచ్చ తేలింది.

"అది కడిగితే పోతది కాకా," అన్నానొకసారి.

"ఉండనీ. ఎవలన్న పట్టుకుంటె గిదే చూపిస్త. రసీదు."

హాజిరి అయిపోగానే నేను ఇంటికి పోదామనేవాణ్ణి. ఆయన కదిలేవాడు కాదు. ఠాణా పక్కనే కోర్టు. "ఎనిమిది మైళ్లు నడిచొచ్చి ఒక్క ఏలు పెట్టి పోతమా?" అని కోర్టు వరండాలో కిటికీ కింద కూర్చొనేవాడు. కేసులు వినేవాడు. మధ్యాహ్నం దాకా విని, దారి పొడుగునా నాకు చెప్పేవాడు.

మూడో సోమవారం అనుకుంటాను, ఒక కేసు విన్నాం. నలుగురు కలిసి ఒక ఆసామిని బెదిరించి ధాన్యం బస్తాలు ఎత్తుకుపోయారు. వాళ్లు అక్కడ ఉండగా ఇంకొకడు తప్పిపోయిన మేకను వెతుక్కుంటూ వచ్చి, చుట్టకు నిప్పు అడిగి, వాళ్ల మధ్య నిలబడ్డాడు. గొడవంతా ఆ ఐదో వాడి గురించే. వకీలు రెండు గంటలు వాదించాడు. నలుగురైతే చట్టంలో ఒక దఫా, అంటే ఒక సెక్షను, ఐదుగురైతే ఇంకో దఫా. ఐదుగురైతే అది బందిపోటుతనం, శిక్ష ఎన్నో రెట్లు.

తిరిగివస్తూ ఆయన రెండు మైళ్లు నా ముందు నడిచాడు. తర్వాత నిలబడి, కట్టెతో నేల మీద ఐదు గీతలు గీశాడు. ఐదో గీతను కాలితో చెరిపాడు.

"నలుగురు జేసిన తప్పు నలుగురు జేసిండ్రు. గీడు నిప్పు కోసం వచ్చిండు. గీడు రాకుంటె వాళ్లకు తక్కువల పోతుండె. అంటె తప్పెవలిది పటేలా?"

"ఆ నలుగురిదే కదా కాకా."

"కాదు. సర్కారు లెక్కల ఐదోనిది."

ఆ రోజు నుంచి ఆయన ఎక్కడా ఐదో మనిషిగా కూర్చోలేదు. హోటలు బల్ల దగ్గర, కల్లు మండువాలో, పెళ్లి పందిట్లో ముందు తలకాయలు లెక్కపెట్టేవాడు. తాను నాలుగో వాడైతే కూర్చొనేవాడు. ఇంకొకరు వస్తే లేచేవాడు. పెళ్లి పందిట్లో రెండొందల మంది ఉంటారు కదా అని నేనంటే, "గది గుంపు పటేలా. గుంపు పిలిచినోళ్ల తలకాయ మీదుంటది. నా సాప మీద నలుగురే," అన్నాడు. నలుగురుంటే ముచ్చట, ఐదుగురుంటే ముఠా అని ఆయన పాఠం. నాకు ఇది బాగా నచ్చింది. చట్టంలో ఇంత శుభ్రమైన అంకె ఉంటుందని నేను అనుకోలేదు.

ఇంకో సోమవారం, పొద్దుండగా ఒకరి ఇంట్లో దూరితే ఒక దఫా, పొద్దు గూకిన తర్వాత దూరితే అంతకంటే పెద్ద దఫా అని తెలిసింది. అప్పటి నుంచి మా ఇంటికి వచ్చినా గడప బయట ఆగి పడమటి వైపు చూసి, "పొద్దున్నది, అస్తున్న," అని చెప్పి లోపలికి వచ్చేవాడు. మా అవ్వ ఆయన పిచ్చివాడనుకుంది. మూడోసారి వచ్చినప్పుడు లోపలి నుంచే, "ఇంకా గజమెత్తున్నది, రా కొడుకా," అని కేకేసింది.

నాలుగైదు నెలలకు వరండాలో జనం ఆయనను వెతుక్కుంటూ రావడం మొదలైంది. వకీలు దగ్గరికి పోయేముందు ఈయన దగ్గర కూర్చొనేవారు. ముగ్గురు మించకుండా, నేను నిలబడి ఉండగా. ఆయన దఫాల నంబర్లు చెప్పేవాడు కాదు. ఏం కట్టుకొని రావాలో చెప్పేవాడు.

"నీదేంది?"

"కొట్లాట, తాతా."

"నెత్తురు కారిందా?"

"జరంత."

"నాలుగు రొట్టెలు తెచ్చుకో. జమానత్ దొరికేసరికి సాయంత్రమైతది. నీదేంది?"

"కోడిని పట్టుకపోయిననంటున్నరు."

"పట్టుకపోయినవా?"

"పోయిన."

"రెండు రొట్టెలు సాలు. ఒప్పుకుంటె మాపటికి ఇంటికాడుంటవు. నీదో?"

మూడోవాడు చుట్టూ చూసి, "సంఘం," అన్నాడు గొంతు తగ్గించి.

"నువ్వు గొంగడి తెచ్చుకో బిడ్డా. రొట్టెలు వాళ్లే పెడ్తరు."

నా కేసు గురించి కూడా ఒకసారి అడిగాను. అంకెలున్న పుస్తకం ఉంటే ఏం దఫా అని. "నీకు దఫా లేదు. గందుకే నువ్వు జాస్తి భయపడాలె. దఫా ఉన్నోనికి గడువుంటది," అన్నాడు.

తన కేసు గురించి ఆయనకు కోపం ఉండేది కాదు. ఆశ్చర్యం ఉండేది. "ముంగటేడు రజాకార్లు వచ్చి నా గొర్లను కోసుకతిన్నరు. మొన్న మిలిట్రీ వచ్చి కోసుకతిన్నది. నడుమ సంఘపోళ్లు గట్క తాగి పోయిండ్రు. గొర్లను తిన్నదానికి దఫా లేదు. గట్కకే ఉన్నది," అనేవాడు. ఎవరినీ అడుగుతున్నట్టు ఉండేది కాదు, కొలత చెబుతున్నట్టు ఉండేది.

ఆయన ఫికరంతా గొర్ల మీదే. ఏటా వరి కోతలు అయిపోగానే మా వైపు గొర్ల కాపరులు మందలు తోలుకొని హుజూర్‌నగర్ దిక్కు, కృష్ణ ఒడ్డు దాకా పోతారు. కోసిన మళ్లలో మేపు ఉంటుంది. మా మెట్ట నేలల్లో చలికాలం దాటితే గడ్డిపోచ దొరకదు. ముచ్చిలిక పడ్డ ఏడు ఆయన పోలేకపోయాడు. సోమవారానికి తిరిగి రాగలిగినంత దూరమే మంద కదలాలి. అది కూడా తాలూకా లోపల. ఆ ఎండాకాలంలో మందలో పదహారు చచ్చాయి. కొడుకు షోలాపూర్ మిల్లులో ఉన్నాడు. ఇంట్లో ముసలామె, కోడలు. ఇంకో ఎండాకాలం ఇక్కడే ఉంటే మంద మిగలదు. ఆయన జైలుకు పోతే కటికవాడికి అమ్ముకోవడమే.

అందుకని ఆయన రోజులు చాలా జాగ్రత్తగా లెక్కపెట్టాడు. మొలతాడుకు ఒక ఉన్ని దారం కట్టుకున్నాడు. పున్నమికి ఒక ముడి.

నా ఆరు నెలలు అయిపోయిన రోజు, ఇరవై ఆరో సోమవారం, ఆ దారం నేను చూశాను. ఆరు ముళ్లు ఉన్నాయి. ఆరు నెలలు, ఆరు ముళ్లు. సరిపోయింది అనుకున్నాను. అప్పటికే అందులో ఐదు రోజుల తేడా ఉంది. గుంట తవ్వేటప్పుడు మధ్యలో కొంత మట్టి తవ్వకుండా దిమ్మగా వదిలేస్తారు, లోతు దాన్ని బట్టి చూస్తారు. పైన కొద్దిగా గడ్డి, మట్టి కప్పి ఎవరన్నా దిమ్మ ఎత్తు పెంచితే నేను వేలితో పొడిచి కనిపెట్టేవాణ్ణి. ఆ దారాన్ని మాత్రం పొడిచి చూడలేదు.

"నాకింకెన్ని పటేలా?" అని అడిగాడు ఆ రోజు.

"ఇంకో ఆరు," అన్నాను.

పన్నెండు పున్నములంటే మూడు వందల యాభై నాలుగు రోజులు. కోర్టు ఏడాది మూడు వందల అరవై ఐదు. తేడా పదకొండు. ఆ పదకొండు రోజుల్లో రెండు సోమవారాలు పడ్డాయి.

పన్నెండో ముడి వేసిన మర్నాడు ఆయన మంద తోలుకొని కృష్ణ దిక్కు పోయాడు. యాభై హాజిరీలు ఇచ్చినవాడు యాభై ఒకటో సోమవారం రాలేదు, యాభై రెండో సోమవారం రాలేదు. తాలూకా దాటాడు, అడవి దిక్కు పోయాడు, సంఘపోళ్లకు గట్క పెట్టిన మనిషి. ఠాణా కాగితంలో 'పరారీ' అని రాశారు. రెండో సోమవారం మర్నాడు పోలీసులు హుజూర్‌నగర్ దారిలో ఆయనను పట్టుకున్నారు. పట్టుకొనేసరికి మందను నీళ్లకు దించుతున్నాడట. కోడలు ఒక్కతే మందను వెనక్కి తోలుకొచ్చింది.

ఆమే మా ఇంటికి వచ్చి చెప్పింది. "ఏడాది అయిపోయిందని మామ అంటున్నడు. కాలేదని వాళ్లంటున్నరు. నువ్వు లెక్కలాయనవు కదన్నా, ఎవలది నిజం?"

ఇద్దరిదీ నిజమే అని చెప్పడానికి నాకు కొంతసేపు పట్టింది.

విచారణ రోజు నేను కోర్టులో నిలబడి, ఆ లెక్క నాదని చెప్పాను. ఆయన ఏడాదంటే ఎంతని అడిగితే పన్నెండు నెలలన్నానని, అవి ఎవరి లెక్క నెలలో చెప్పలేదని, ఆయనకు తెలిసిన నెల పున్నమి నుంచి పున్నమికని చెప్పాను. మేజిస్ట్రేటు కాగితం ఇమ్మన్నాడు. ఒక పక్క మూడు వందల యాభై నాలుగు, ఒక పక్క మూడు వందల అరవై ఐదు రాసి, కింద గీత గీసి పదకొండు రాసి ఇచ్చాను. ఆయన ఆ తీసివేతను రెండుసార్లు చేసి చూసుకున్నాడు.

"అంటే మీ ఊళ్లో ఏడాదికి పదకొండు రోజులు తక్కువా?" అని కాపరిని అడిగాడు.

"తక్కువేం కాదు దొరా. మూడేండ్లకొకపారి అధికమాసం వస్తది. గప్పుడు సరిపోతది. వచ్చే ఏడు ఉన్నది."

"అందాకా కోర్టు ఆగాలా?"

"మేము ఆగుతలేమా దొరా."

కోర్టులో ఎవరూ నవ్వలేదు. మేజిస్ట్రేటు కలం మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టాడు. నేను ఆయన చేతినే చూస్తున్నాను. ఏడాది జైలు వేయడానికి ఆయనకు అధికారం ఉంది. 'పరారీ' అన్న మాట కాగితం మీద ఉంది. ఏడాది అంటే మంద లేదు.

"యాభై సోమవారాలు వచ్చాడు," అన్నాడు చివరికి, పక్కనున్న గుమాస్తాతో. "పారిపోయేవాడు యాభై సార్లు రాడు. పదకొండు రోజులు తక్కువ పడ్డాయి కాబట్టి పదకొండు రోజులు జైల్లో ఉంటాడు. ముచ్చిలిక అక్కడితో సరి."

ఇది న్యాయమా కాదా నేను చెప్పలేను. లెక్క మాత్రం తప్పు లేదు.

బయట జవాన్లు తీసుకుపోతుంటే ఆయన నా దగ్గర ఆగాడు. తిడతాడనుకున్నాను. "పదకొండు దినాలకు ఎన్ని రొట్టెలు తెచ్చుకోవాలెనో నాకు ఎర్కలేదు. గింత చిన్నది ఇదివరకు వినలె," అన్నాడు. తర్వాత, "మంద," అని ఒక్క మాట అన్నాడు.

ఆ పదకొండు రోజులు నేను గొర్లు కాశాను. కోడలు ముందు, నేను వెనక. మా తాలూకాలో ఎక్కడ పచ్చ ఉందో అక్కడికల్లా తోలాం. సాయంత్రం దొడ్డికి తెచ్చాక వాకిట్లో అడ్డంగా నిలబడి, ఒక్కొక్కటే లోపలికి పోయేటట్టు చూసి లెక్కపెట్టేవాణ్ణి. మొదటి రోజు ఎనభై మూడు వచ్చాయి. రెండో రోజు ఎనభై ఒకటి. మూడో రోజు ఎనభై నాలుగు. వేల గజాల మట్టిని తప్పు లేకుండా కొలిచినవాణ్ణి. రాళ్లు పెట్టి చూశాను, పదికి ఒక రాయి. ఎనభై రెండు వచ్చాయి. ఒకటి ఇంకోదాని మీద నుంచి దూకితే రెండూ కలిసి ఒకటిగా కనిపిస్తాయి.

"దినాం గట్ల వాకిట్ల నిలవడి బెదిరిస్తె పాలెట్ల ఇస్తయన్నా?" అని కోడలు విసుక్కుంది. "పోతె మాకు తెల్వదా?"

"ఎట్ల తెలుస్తుంది?"

"తెలుస్తది."

ముసలామె మాత్రం నా గిన్నెలో గట్క పోసి, నేను తినేదాకా చూసేది.

పన్నెండో రోజు మధ్యాహ్నం ఎండలో దొడ్డి దగ్గర కూర్చున్నాం. ముసలామె, కోడలు, పక్కింటి కాపరి ఒకాయన, నేను. గొర్లు లోపలే ఉన్నాయి. ఆయన వస్తాడని మందను ఆ రోజు బయటికి తోలలేదు. ఆయన దారి మలుపు తిరిగి వచ్చాడు. గొంగడి భుజం మీద ఉంది. జుట్టులో మచ్చ మీద కొత్త సిరా నల్లగా మెరుస్తున్నది. విడుదల ముద్ర అనుకుంటాను.

వాకిటి ముళ్లకంప దగ్గరికి వచ్చి ఆగాడు. లోపలికి రాలేదు. దొడ్డి వైపు ఒకసారి చూశాడు. ఈ చివర నుంచి ఆ చివరకు, మనిషి ఊపిరి ఒకసారి పీల్చి వదిలినంతసేపు.

"అన్నీ ఉన్నయి," అన్నాడు.

"లెక్కపెట్టకుండానే?" అన్నాను.

"చూసిన గద."

ముసలామె లేవబోయింది. ఆయన చెయ్యి అడ్డంగా ఊపాడు. నా వైపు తిరిగాడు.

"నాకింకెన్ని దినాలున్నయి పటేలా?"

"ఏం లేవు కాకా."

"ఎవల లెక్కల?"

ఆ ప్రశ్న ఏడాది కింద నేను అడగవలసింది. వేళ్ల మీద చూసుకున్నాను. సోమవారాలు, పున్నములు, కోర్టువి, ఆయనవి. తొందరపడలేదు.

"అందరి లెక్కల," అన్నాను.

ఆయన తల ఊపాడు. అప్పుడు కూడా కంప దాటలేదు. మమ్మల్ని ఒకరి తర్వాత ఒకరిని చూశాడు. ముసలామె, కోడలు, పక్కింటాయన, నేను.

"గట్లయితె ఒకలు లేవుండ్రి," అన్నాడు.

నేను లేచాను.